పులియడం ఆగిందా, పూర్తయిందా? ఇంటి బీరు సీసాలకెక్కే ముందు తేలాల్సిన లెక్క

ఇంట్లో బీరు తయారుచేసుకోవడం కొత్తగా మొదలుపెట్టిన వాళ్లను రెండో వారంలో పట్టుకునే సందేహం ఒకటుంది. డబ్బా మూతకు బిగించిన ఎయిర్‌లాక్‌లో మొన్నటిదాకా గడగడమన్న బుడగలు ఇప్పుడు నిమిషానికొకటి కూడా రావడం లేదు. కిట్‌తో వచ్చిన కాగితం పది రోజుల్లో సీసాల్లో నింపుకోవచ్చంటుంది. అనుభవమున్న స్నేహితుడు మూడు వారాలు ఆగమంటాడు. ఎవరి మాట వినాలి?

తొందరపడితే చెడేది రుచి ఒక్కటే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. పులియడం మిగిలి ఉన్న బీరును గాజు సీసాలో పోసి మూత బిగిస్తే ఆ మిగిలిన పని సీసాలోనే జరుగుతుంది. వాయువు బయటికి పోయే దారి ఉండదు. కొన్ని సీసాలు తెరవగానే ఫౌంటెన్‌లా చిమ్ముతాయి, కొన్ని అలమరలో ఉండగానే పేలతాయి. ఇంటి బీరు సరదా ఉన్నవాళ్లు వీటిని సీసా బాంబులంటారు. గాజు పెంకులు ఎగిరి వచ్చే వేగం తెలిసినవాళ్లు ఆ మాటను నవ్వుతూ అనరు.

ముందుగా చట్టం సంగతి. బ్రిటన్‌లో ఇంటి బీరుకు లైసెన్సు అవసరాన్ని 1963లో ఎత్తేశారు. అమెరికాలో జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేసిన చట్టం దారి తెరిచింది. ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకన్నా ఎక్కువమందో ఉంటే 200 గ్యాలన్లు సొంత వాడకానికి తయారుచేసుకోవచ్చు. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఒప్పుకుంటూ వచ్చాయి. మిసిసిపీ, అలబామా 2013 దాకా ఆగాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అనుమతి ఉన్న దేశాల్లోని వంటిళ్ల గురించి, గ్యారేజీల గురించి.

డబ్బాలో ఎవరు ఏం తింటున్నారు

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని వేడి నీళ్లలో నానబెట్టి తీసిన తియ్యని ద్రవం వోర్ట్. హాప్ పూలు వేసి మరగబెట్టి, చల్లార్చి, ఈస్టు కలిపితే పులియడం మొదలవుతుంది. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడును వదులుతుంది. ఇంతవరకు బడి పాఠమే.

చిక్కు ఎక్కడుందంటే, వోర్ట్‌లో ఉండే చక్కెరలన్నీ ఒకే రకం కావు. గ్లూకోజు కొద్దిగా ఉంటుంది, ఈస్టు సాధారణంగా దాన్నే ముందు ముగిస్తుంది. దాదాపు సగం వాటా మాల్టోజుది. జోరుగా నురగ లేచే రోజుల్లో ఖర్చయ్యేది ప్రధానంగా అదే. ఆ తర్వాత మాల్టోట్రయోజు అనే మూడు గ్లూకోజుల గొలుసు మిగులుతుంది. దీన్ని ఈస్టు నిదానంగా, కొన్ని రకాల ఈస్టులైతే అరకొరగా తింటాయి. ఇక డెక్స్‌ట్రిన్లనే పొడవాటి గొలుసుల జోలికి మామూలు బీరు ఈస్టు పోలేదు. బీరు నోట్లో పలుచగా నీళ్లలా కాకుండా కాస్త చిక్కగా తగలడంలో వాటి పాత్ర ఉంది.

అంటే పులియడం ముగిసిన బీరులోనూ తినబడని పదార్థం మిగిలే ఉంటుంది. ఎంత మిగలాలన్నది వంటకాన్ని బట్టి, మాల్ట్ నానబెట్టిన వేడిని బట్టి, ఈస్టు రకాన్ని బట్టి మారుతుంది. మాల్ట్‌ను 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర నానబెడితే ఈస్టు తినగలిగే చక్కెరలు ఎక్కువగా వస్తాయి, 69 దగ్గర నానబెడితే డెక్స్‌ట్రిన్లు పెరుగుతాయి. అందుకే అన్ని బీర్లకూ సరిపోయే ముగింపు అంకె ఏదీ లేదు. గందరగోళమంతా మొదలయ్యేది ఇక్కడే.

బుడగలు చెప్పేదెంత

ఎయిర్‌లాక్ లోపలి వాయువును బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న పరికరం. అందులో బుడగ వచ్చిందంటే లోపలి ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువైందని మాత్రమే అర్థం. దానికి కారణం ఈస్టే కానక్కర్లేదు. 20 డిగ్రీల దగ్గర పులిసిన ప్రతి లీటరు బీరులోనూ 0.85 లీటరు దాకా కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. మధ్యాహ్నం గది వేడెక్కితే అందులో కొంత బయటికి వస్తుంది. తుపాను ముందు వాతావరణ పీడనం పడిపోయినా అంతే. పని ముగించిన బీరు కూడా ఇలా రోజుల తరబడి బుడగలు వదలగలదు.

తిరగబడ్డ కేసు కూడా ఉంది. ప్లాస్టిక్ బకెట్ మూత అంచు సరిగా కూర్చోకపోతే వాయువు పక్కనుంచి జారిపోతుంది. లోపల ఈస్టు ముమ్మరంగా పనిచేస్తున్నా ఎయిర్‌లాక్ కదలదు. ఈస్టు చచ్చిందని కంగారుపడి రెండో పొట్లం వేసేది ఎక్కువగా ఈ బకెట్ల యజమానులే.

పైన నురగ దిగిపోవడం, బీరు తేటపడటం కూడా ఇలాంటి సగం సాక్ష్యాలే. కొన్ని గోధుమ బీరు ఈస్టులు పని అయ్యాక కూడా నురగను వదిలిపెట్టవు. కొన్ని ఇంగ్లిష్ ఈస్టులు ముద్దలు కట్టి త్వరగా అడుక్కి దిగుతాయి, ఒక్కోసారి తినాల్సిన చక్కెర ఇంకా ఉండగానే. అప్పుడు పైన తేరిన బీరు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లోపల పని మాత్రం మిగిలే ఉంటుంది.

లాక్టోమీటర్ బంధువు

పాల కేంద్రంలో లాక్టోమీటర్ చూసినవాళ్లకు హైడ్రోమీటర్ కొత్త కాదు. రెండింటి సూత్రమూ ఒకటే: ద్రవం ఎంత సాంద్రంగా ఉంటే గాజు గొట్టం అంత పైకి తేలుతుంది. మంచినీళ్లలో అది 1.000 చూపిస్తుంది. చక్కెరలున్న వోర్ట్‌లో 1.040, 1.050 అలా చూపిస్తుంది. చక్కెర తగ్గి, నీటికన్నా తేలికైన ఆల్కహాలు చేరేకొద్దీ గొట్టం మునుగుతుంది, అంకె దిగుతుంది. దశాంశాల్లో మూడో స్థానాన్ని పాయింటు అంటారు, 1.050 అంటే 50 పాయింట్లు.

ఒక లెక్క చూద్దాం. ఈస్టు వేసేముందు 1.050, ఇప్పుడు 1.012. దిగినవి 38 పాయింట్లు. 38ని 50తో భాగిస్తే 76 శాతం. దీన్ని పైకి కనిపించే తరుగుదల అంటారు. ఆల్కహాలు తేలికదనం కూడా అంకెను కిందికి లాగుతుంది కాబట్టి నిజంగా ఖర్చయిన చక్కెర దాదాపు 62 శాతమే. ఈస్టు పొట్లాల మీద ముద్రించే శాతం మొదటి రకానిది, కాబట్టి పోల్చుకోవడానికి అదే వాడతారు. ఆల్కహాలు శాతం కావాలంటే తేడాను, అంటే 0.038ని, 131.25తో గుణిస్తారు. 5 శాతం వస్తుంది.

కొలతలోనూ మోసాలున్నాయి. 20 డిగ్రీలకు తయారైన హైడ్రోమీటర్‌ను 30 డిగ్రీల బీరులో ముంచితే అంకె దాదాపు రెండున్నర పాయింట్లు తక్కువ చూపిస్తుంది. గొట్టానికి అంటుకున్న బుడగలు దాన్ని పైకెత్తి ఎక్కువ చూపిస్తాయి. అందుకే దాన్ని గిర్రున ఒకసారి తిప్పి వదులుతారు. ఒక్క చుక్క ద్రవం కాంతిని ఎంత వంచుతుందో చూసి చక్కెరను లెక్కగట్టే రిఫ్రాక్టోమీటర్ సంగతి ఇంకా తికమక. ఆల్కహాలు కాంతిని వంచే తీరు వేరు కాబట్టి, పైన చెప్పిన బీరు 1.012కు చేరాక కూడా అది 1.025 దగ్గర చూపించవచ్చు. ఆ అంకెను సవరించకుండా చదివి, పులియడం సగంలో ఆగిందని బెంగపెట్టుకునేవారు తక్కువేమీ కాదు.

కదలని అంకె తేల్చేది సగమే

ఈ సరదా ఉన్నవాళ్లందరూ చెప్పే సూత్రం ఒకటే: రెండు మూడు రోజుల తేడాతో తీసిన కొలతలు ఒకేలా ఉంటే పూర్తయినట్టు. సోమవారం 1.014, బుధవారం 1.012, శుక్రవారం 1.012 అయితే శనివారం నింపుకోవచ్చంటారు. చాలా సందర్భాల్లో ఇది చాలు కూడా. అయితే ఈ సూత్రం జవాబిచ్చే ప్రశ్న, మనకు కావలసిన ప్రశ్న ఒకటి కావు. అంకె కదలలేదంటే పులియడం ఆగిందని తెలుస్తుంది. అది పూర్తయి ఆగిందా, మధ్యలో ఆగిందా అన్నది ఆ కదలని అంకె నుంచి తెలియదు.

అమెరికాలోని మినసోటాలో జనవరి నెల, గ్యారేజీలో బకెట్ ఉందనుకోండి. కాస్త వెచ్చగా పులిసే ఏల్ రకం బీర్ల మామూలు ఈస్టుకు 18 నుంచి 22 డిగ్రీలు హాయి. గ్యారేజీ 12కు పడిపోతే అది నిద్రలోకి జారుకుంటుంది. బీరు 1.020 దగ్గర ఆగి, వారం పాటు కదలదు. సూత్రం ప్రకారం ఇది పూర్తయినట్టే! సీసాల్లో నింపి, వెచ్చటి వంటింటి అలమరలో పెడతారు. ఈస్టు నిద్ర లేస్తుంది, పైగా సీసాలో వాయువు కోసం కలిపిన కొత్త చక్కెర కూడా దానికి అందుతుంది.

కాబట్టి రెండో ప్రశ్న వేసుకోక తప్పదు: ఆగాల్సిన చోటే ఆగిందా? దీనికి మొదటి ఆధారం ఈస్టు తయారీదారు చెప్పే శాతం. 73 నుంచి 77 అని ఉంటే 1.050 వోర్ట్ 1.013, 1.012 ప్రాంతంలో ఆగాలి. 1.020 అంటే తరుగుదల 60 శాతమే, అనుమానించాల్సిందే.

అయితే అదే 1.020, 1.022 మరో బీరులో న్యాయమైన ముగింపు కావచ్చు. పాల చక్కెర లాక్టోజును ఈస్టు తినలేదు. మిల్క్ స్టౌట్ అనే నల్ల బీరులో తీపి కోసం దాన్ని వేస్తారు. 20 లీటర్లలో 500 గ్రాముల లాక్టోజు దాదాపు 10 పాయింట్లు కలుపుతుంది. మొదటి అంకె 1.060 అనుకుంటే అందులో పులియగలిగేవి 50 పాయింట్లే. వాటిలో 75 శాతం, అంటే 37 లేదా 38, పోతే మిగిలేది 1.022. ఇక్కడ ఈస్టును తప్పుపట్టడానికేమీ లేదు.

శాతాలన్నీ అంచనాలే. మాల్ట్ నానబెట్టిన వేడి వాటిని అటూ ఇటూ జరుపుతుంది. కచ్చితంగా తెలుసుకోవడానికి బ్రూవరీలు వాడే పద్ధతి ఒకటుంది, ఇంట్లోనూ వీలవుతుంది, కానీ ఎందుకో ఇళ్లలో ఆదరణ తక్కువ. మొదటి రోజే వోర్ట్‌లో ఒక గ్లాసు పక్కకు తీసి, దాని మోతాదుకు మించి ఈస్టు వేసి, 25 డిగ్రీలకు పైబడిన వెచ్చటి చోట, అప్పుడప్పుడు కదుపుతూ ఉంచుతారు. రెండు మూడు రోజుల్లో అది చేరగలిగినంత కిందికి చేరిపోతుంది. రుచి ఘోరంగా ఉంటుంది, తాగడానికి కాదు. కానీ ఆ వోర్ట్‌లో ఆ ఈస్టు దిగగల అడుగు ఎంతో ఆ గ్లాసు చెబుతుంది. పెద్ద బకెట్ ఆ అంకెకు ఒక పాయింటు దగ్గరలోకి వచ్చేదాకా పని ఉన్నట్టే. నా దృష్టిలో బీరు తయారీకి సంబంధించి ఇంత చవకైన నిశ్చింత మరొకటి లేదు.

నాలుగు పాయింట్ల ఖరీదు

బీరులో వాయువును వాల్యూముల్లో లెక్కిస్తారు. ఒక లీటరు బీరులో ఒక లీటరు కార్బన్ డయాక్సైడ్ ఉంటే ఒక వాల్యూము. బరువులో దాదాపు 2 గ్రాములు. చాలా ఏల్స్‌కు 2.4 ప్రాంతం బాగుంటుంది.

పులియడం పూర్తయిన 20 లీటర్ల బీరు 20 డిగ్రీల దగ్గరుంటే అందులో ముందే 0.85 ఉంది. సీసాల్లో నింపేటప్పుడు 120 గ్రాముల పంచదార కలిపితే, లీటరుకు 6 గ్రాముల చొప్పున, మరో ఒకటిన్నర చేరి లెక్క సరిపోతుంది. సీసా లోపలి ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర దాదాపు 1.8 బార్, అంటే కారు టైరులో ఉండేదానికన్నా కొంచెం తక్కువ.

ఇప్పుడు 1.012కు చేరాల్సిన బీరును 1.016 దగ్గరే నింపేశామనుకుందాం. పులియడంలో ఒక్కో పాయింటు దిగితే దాదాపు అర వాల్యూము వాయువు పుడుతుంది. మిగిలిన 4 పాయింట్లు 2 వాల్యూములు. మొత్తం 4.4. ఒత్తిడి 4 బార్లు దాటుతుంది. ఎండాకాలం అలమర 30 డిగ్రీలకు చేరితే అయిదున్నర దగ్గరికి పోతుంది. పలుచటి మామూలు బీరు సీసాలను 3 వాల్యూముల పైకి తీసుకుపోకపోవడం మంచిదన్నది సాధారణంగా పాటించే హద్దు. హైడ్రోమీటర్ మీద 1.016కూ 1.012కూ మధ్య దూరం రెండు మూడు గీతలే.

ఇదే లెక్క మరో సంప్రదాయానికి ఆధారం కావడం ఆసక్తికరం. చల్లగా పులిసే లాగర్ రకం బీర్లలో చక్కెర వాడకూడదనే నియమమున్న జర్మనీలో, పులియడం పూర్తికాకముందే, ఇంకా మూడు నాలుగు పాయింట్లు మిగిలి ఉండగా బీరును మూసి ఆ వాయువునే వాడుకునే పద్ధతి ఉంది. పంచదార అక్కర్లేదు. వాళ్లు తొందరపడుతున్నారని అనలేం. ఆ మిగిలిన పాయింట్లనే పంచదారగా లెక్కగట్టుకున్నారు. ప్రమాదం ముందుగా మూయడంలో కన్నా, అడుగు అంకె తెలియకుండా మూయడంలో, ఆపైన పంచదార కూడా కలపడంలో ఉంది. బ్రూవరీ ట్యాంకుకు ఒత్తిడి మించితే తెరుచుకునే వాల్వు ఉంటుంది, సీసాకు ఉండదు.

నిలిచిన అంకె మళ్లీ దిగితే

కొన్నేళ్లుగా ఎక్కువ మందిని తికమకపెడుతున్నది ఇది. సుగంధం కోసం పులిసిన బీరులో హాప్‌లను మరగబెట్టకుండా వేస్తారు. ఈ పూలలో డెక్స్‌ట్రిన్లను ముక్కలు చేసే ఎంజైములు కొద్దిగా ఉంటాయి. అవి ఈస్టు తినలేని గొలుసులను తినగలిగే ముక్కలుగా మారుస్తాయి, పులియడం రెండోసారి మొదలవుతుంది. బ్రౌన్, మోరిస్ అనే ఇద్దరు ఇంగ్లండ్‌లో 1893లోనే దీన్ని గమనించి రాశారు. ఆ తర్వాత దాన్ని దాదాపు అందరూ మరిచిపోయారు. హాప్‌లను గుప్పిళ్లకొద్దీ వేసే ఐపీఏ బీర్ల కాలం వచ్చాక మళ్లీ పాత కాగితాలు తిరగేశారు. 1.012 దగ్గర నిలిచిన బీరు హాప్‌లు వేశాక 1.009కు దిగితే, పైలెక్క ప్రకారం అది ఒకటిన్నర వాల్యూములు. కాబట్టి హాప్‌లకు ముందు తీసిన స్థిరమైన అంకె హాప్‌ల తర్వాత చెల్లదు.

రెండో కారణం ఈస్టే. డయాస్టాటికస్ అనే రకానికి డెక్స్‌ట్రిన్లను తానే విరగ్గొట్టే ఎంజైమును బయటికి వదిలే జన్యువు ఉంటుంది. సేజోన్ అనే బెల్జియం తరహా బీరుకు వాడే ఈస్టులు చాలావరకు ఈ కోవలోవే. తెలిసి వాడితే 1.004, 1.002 దాకా పోనిచ్చి నింపుతారు. తెలియకుండా మరో బీరులోకి చొరబడితే మాత్రం నెలల తర్వాత సీసాలు పొంగుతాయి. పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు: కొలరాడోలోని లెఫ్ట్ హ్యాండ్ బ్రూయింగ్ సంస్థ తన బీరును మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించాల్సి వచ్చి, కారణం ఈ ఈస్టు కలుషితమేనంటూ 2017లో ఈస్టు సరఫరాదారుపై దావా వేసింది.

చక్కెర అయిపోయినా వెన్న వాసన

సీసా పేలదన్న నిశ్చింత ఒకటి, బీరు తయారైందన్న నిశ్చింత మరొకటి. పులిసే క్రమంలో ఈస్టు నుంచి వెలువడే ఒక పదార్థం నెమ్మదిగా డయాసిటైల్‌గా మారుతుంది. దానిది వెన్న వాసన, సినిమా హాలు పాప్‌కార్న్ వాసన. ఈస్టు చివరి దశలో దాన్ని తిరిగి లోపలికి తీసుకుని శుభ్రం చేస్తుంది. అంకె నిలిచిన రోజే నింపేస్తే ఆ శుభ్రం జరక్కపోవచ్చు. చల్లగా పులిసే లాగర్లలో ఇది మరీ ఎక్కువ, అందుకే చివర్లో రెండు మూడు రోజులు 16, 17 డిగ్రీలకు వేడెక్కిస్తారు. పరీక్ష కూడా ఉంది: చిన్న గ్లాసులో బీరు తీసి, మూసి, 60 డిగ్రీల వేడి నీళ్లలో పావుగంట పెట్టి, చల్లార్చి వాసన చూడాలి. ఇంకా డయాసిటైల్ కాకుండా దాగి ఉన్నదంతా ఆ వేడికి బయటపడుతుంది. వెన్న వాసన వచ్చిందంటే ఈస్టుకు ఇంకొన్ని రోజులు కావాలి.

వారాలు లెక్కపెట్టేవారు, అంకెలు చూసేవారు

మూడు వారాలు ముట్టుకోకుండా వదిలేస్తే చాలనే వర్గం వాదన తీసిపారేయదగ్గది కాదు. మూత తెరిచిన ప్రతిసారీ ఆక్సిజన్ చేరుతుంది, క్రిములు చేరవచ్చు, హైడ్రోమీటర్ గొట్టం నింపడానికి ప్రతిసారీ ఒక గ్లాసు బీరు పోతుంది. ఆరోగ్యంగా ఉన్న ఏల్ ఈస్టు 20 డిగ్రీల దగ్గర మామూలు బలమున్న బీరును సాధారణంగా వారంలోపే ముగిస్తుంది; మూడు వారాలంటే ధారాళంగా సమయమిచ్చినట్టే. ఎక్కువ రోజులుంటే చచ్చిన ఈస్టు రుచిని పాడుచేస్తుందన్న పాత భయం ఇరవై లీటర్ల బకెట్‌కు, నెల రోజుల వ్యవధికి అంతగా వర్తించదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు.

ఈ వాదనలో లోపం ఒకటే, కానీ పెద్దది. నిద్రపోయిన ఈస్టుకు మూడు వారాలైనా ఆరు వారాలైనా తేడా లేదు. గ్యారేజీ చలిలో ఆగిపోయిన బీరును క్యాలెండరు పట్టుకోలేదు. అలాగని మూడో రోజు నుంచీ రోజూ కొలిచే ఆత్రానికి కూడా అర్థం లేదు. నురగ దిగాక ఒకసారి, రెండు మూడు రోజులాగి మరోసారి కొలిస్తే సరిపోతుంది. లాగర్ అయితే ఆ విరామం ఇంకాస్త పెరగాలి, ఎందుకంటే 10 డిగ్రీల చలిలో ఒక పాయింటు దిగడానికే రెండు రోజులు పట్టవచ్చు. టిల్ట్, ఐస్పిండెల్ లాంటి తేలియాడే పరికరాలు మూత తీయకుండానే ఫోనుకు అంకెలు పంపుతాయి. గీత ఎప్పుడు చదునైందో చూపించడంలో అవి నమ్మకమైనవే. వాటి ఒంటికి నురగ, ఈస్టు అంటుకుంటాయి కాబట్టి అసలు అంకె విషయంలో రెండు మూడు పాయింట్లు తప్పడం మామూలే. ఆ రెండు మూడు పాయింట్ల విలువ ఎంతో పైన చూశాం.

నింపేశాక అనుమానం వస్తుందేమో అనుకునేవాళ్ల కోసం పాత ఉపాయం ఒకటుంది. గాజు సీసాలతోపాటు ఒక ప్లాస్టిక్ సోడా సీసాను కూడా అదే బీరుతో నింపుతారు. వాయువు చేరేకొద్దీ అది గట్టిపడుతుంది, వేళ్లతో నొక్కితే తెలుస్తుంది. మామూలుగా గట్టిపడటానికి వారం పది రోజులు పట్టే ఇంట్లో అది రెండో రోజుకే రాయిలా మారితే, గాజు సీసాలన్నీ కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని ఫ్రిజ్‌లోకి చేర్చాల్సిందే. చలికి ఈస్టు నెమ్మదిస్తుంది, వాయువు బీరులోకి మరింత కరిగి ఒత్తిడి తగ్గుతుంది. పూర్తిగా చల్లబడ్డాక మూతలను కొద్దిగా సడలించి, వాయువు వదిలి, మళ్లీ బిగిస్తారు. ఒక్కోసారి ఆ పని రెండు మూడు విడతలు చేయాల్సి వస్తుంది.